కావడి, కవడి, కవాడం: ఒక పేట పేరు చుట్టూ

హుస్సేన్ సాగర్ కట్ట దిగువన, ఇందిరా పార్కుకీ ముషీరాబాద్‌కీ మధ్య ఉన్న పేటను కొన్ని బోర్డులు కవాడిగూడ అంటాయి, కొన్ని కావడిగూడ అంటాయి. దీర్ఘం ఒక అక్షరం పక్కకు జరిగింది, అంతే తేడా. అక్కడ కాపురముండేవాళ్లకు దీనివల్ల ఇబ్బందేమీ లేదు. మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతికేవాళ్లకు మాత్రం ఆ దీర్ఘమే అసలు సంగతి. కావడి వేరు, కబాడీ వేరు, కవడీ వేరు, కవాడం వేరు. ఇంచుమించు ఒకేలా వినిపించే ఈ మాటలు భుజం మీది బరువు నుంచి పాతసామాను దాకా, సముద్రపు గవ్వ నుంచి గుడి తలుపు దాకా ఎక్కడెక్కడి వస్తువులకో పేర్లయ్యాయి. వీటిలో కొన్నిటి మధ్య చుట్టరికం ఉంది, కొన్నిటి మధ్య ఏమీ లేదు. ఏది ఏమిటో చెవి ఒక్కటే తేల్చలేదు.

ఈ ఉపన్యాసం భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) స్మృతికి అంకితం. ఉస్మానియాలో భాషాశాస్త్రం చెప్పి, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన ఆయన, మాటల చుట్టరికం నిలవాలంటే ధ్వనుల మార్పులో క్రమం కనబడాలని జీవితమంతా చెప్పారు. తెలుగు ‘లో’కూ తమిళ ‘ఉళ్’కూ పోలికే లేదు. ‘లేత’లోని ‘లే’కూ తమిళ ‘ఇళ’కూ లేదు. ‘రెండు’, ‘ఇరండు’ కొంచెం దగ్గర. అయినా మూడూ తోబుట్టువుల జంటలే. మొదటి అచ్చు వెనక్కి జరిగి, హల్లు ముందుకొచ్చే మార్పు తెలుగులో ఒక క్రమంతో జరిగింది కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పగలం. పోలిక కనబడనిచోట బంధుత్వాన్ని పట్టుకున్న శాస్త్రమే, పోలిక కొట్టొచ్చినట్టున్నచోట తొందరపడొద్దని కూడా హెచ్చరిస్తుంది. కవాడిగూడ ఆ హెచ్చరికకు చక్కటి పరీక్ష.

పేట పేరుకు స్థానికంగా చెప్పుకునే వివరణ కావడిదే. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. అక్కడ విడిసిన ఇంగ్లీషు దండుకు నీళ్లూ సరుకులూ కావళ్ల మీద మోసుకెళ్లేవాళ్లు కాపురమున్న గూడెం కాబట్టి కావడిగూడ అంటారు. నమ్మదగిన మాటే. పక్కనే చెరువుంది, కట్ట దాటితే దండుంది. జనాన్ని బట్టి పేటకు పేరు రావడం కూడా ఈ నగరంలో మామూలే. కాచిగూడ పేరు కాచీల నుంచి వచ్చిందంటారు. దండు చుట్టూ పుట్టిన మాటలు చాలా దూరాలు తిరిగాయి. సికింద్రాబాద్‌ను నేటికీ లష్కర్ అంటాం. అదే పారసీ మాట ఓడరేవుల్లో ‘లాస్కర్’ అయి ఓడ నావికుడికి పేరైంది. మన కాలువల మీద నీటి వంతులు చూసే ‘లస్కరు’ కూడా అదే. సైన్యం, ఓడ, కాలువ మూడింటికీ ఒకే మాట సరిపోయింది.

ఇక కావడి దగ్గరికి వద్దాం. కావడి బద్ద మామూలు కర్ర కాదు. ముదిరిన వెదురును నిలువునా చీల్చి, మధ్యలో వెడల్పుగా, కొసలకు సన్నగా వచ్చేట్టు చెక్కుతారు. కొసల దగ్గర తాడు జారకుండా గాట్లు పెడతారు. ఆ గాట్ల నుంచి ఉట్టి తాళ్లు దిగుతాయి, వాటిలో కుండలో బుట్టలో కూర్చుంటాయి. ఎత్తగానే బద్ద వంగుతుంది, నడక మొదలవగానే ఊగుతుంది. మోసే మనిషి ఆ ఊపును పట్టుకుని అడుగు వెయ్యాలి. లయ తప్పితే కుండలు నడకను లాగేస్తాయి. నీళ్లు తొణక్కుండా పైన ఓ గుప్పెడు ఆకులు వేస్తారు. భుజం మార్చాలంటే ఆగి దించనక్కర్లేదు. తల కాస్త వంచి, బద్దను మెడ వెనకగా రెండో భుజం మీదికి జరుపుకుంటూ నడక సాగిస్తారు. 1991లో అమెరికా పరిశోధకుడు రోజర్ క్రామ్ ఇలా వంగే బద్దలతో మనుషుల్ని పరిగెత్తించి కొలిచి చూశాడు. వీపు మీద మోసినప్పటికంటే శక్తి ఖర్చేమీ తగ్గలేదు. భుజం మీద దెబ్బలా పడే గరిష్ఠ ఒత్తిడి మాత్రం బాగా తగ్గింది. ఎవరూ కొలవకముందే ఆ సంగతి మోసేవాళ్ల భుజాలకు తెలుసు. లేకపోతే బద్దను అంత శ్రద్ధగా చెక్కి పలచన చెయ్యరు.

తెలుగువాడికి కావడి అంటే నీళ్లొక్కటే కాదు. కోస్తాలో కావిడి అంటే సారె గుర్తుకొస్తుంది. అరిసెలూ లడ్లూ కావిళ్లలో వియ్యాలవారింటికి వెళ్లేవి. తల్లిదండ్రుల్ని కావడిలో మోసిన శ్రవణకుమారుడి కథ తెలియని ఇల్లు లేదు. కావడి ఎన్ని వంకలు పోయినా ఇల్లు చేరితే సరి అన్న సామెత, ఆ ఊపును దగ్గర నుంచి చూసినవాడి నోట పుట్టిందే. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో కావడి అనగానే ఆడికృత్తిక పండుగ. పూలకావళ్లు ఎత్తుకుని తిరుత్తణి కొండకు వెళ్లే జనంలో తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దులపై పటాస్కర్ ఇచ్చిన నిర్ణయం ప్రకారం ఆ ఏడాది మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఈ కావడి మొక్కుబడికి మూలం పళని కథ: అగస్త్యుడి కోసం రెండు కొండల్ని కావడి కట్టి మోసుకొచ్చిన ఇడుంబుడు, దించిన కొండను మళ్లీ ఎత్తలేకపోయాడు.

మాట వయసు చూడాలంటే తమిళం వైపు వెళ్లాలి. అక్కడ సంగం కాలానికే ‘కా’ అన్న చిన్న మాటుంది. రెండు కొసల్లో తాళ్లు వేలాడే మోతకర్ర దాని అర్థం. దాన్ని భుజాన వేసుకుని మోయడం ‘కావు’. ఊరూరా తిరిగి పాడే పాణులు తమ వాయిద్యాల్ని ఇలాగే మోసుకెళ్లేవారని ఆ కవితలే చెబుతాయి. కన్నడంలో కావడి, తుళులో కావడి, మలయాళంలో కావడి, మనకూ కావడి. 1961లో బరో, ఎమెనోలు తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే గూటి కింద చూపింది. ఇంకో ముఖ్యమైన సంగతి: తొల్కాప్పియం ‘కా’ను తూకం పేరుగా చెబుతుంది. ఒక మనిషి కావడికి పట్టే బరువు ఒక కొలత అయిందన్నమాట. సముద్రం దాటి మలయా భాషలోకి వెళ్తే, ‘పికుల్’ అంటే భుజాన మోయడం. అదే మాట సుమారు అరవై కిలోల తూకానికి పేరై, చైనా రేవుల దాకా వర్తకంలో చెలామణి అయింది. మలయా భాషకూ తమిళానికీ కుటుంబ సంబంధం లేదు, ఈ రెండు మాటల్లో ఒక్క అక్షరం కలవదు. అయినా మోతకర్ర నుంచి తూకానికి వెళ్లిన దారి మాత్రం ఒకటే. మాటలు కలవకపోయినా మనుషుల పని కలిసినచోట అర్థాలు ఇలా ఒకే దారి పడతాయి. ఈ వక్త దృష్టిలో శబ్దసామ్యాల జాబితాలు పోగుచెయ్యడం కన్నా ఇలాంటి జంటల్ని వెతకడమే ఎక్కువ ఫలవంతం.

ఉత్తరాదిన ఇదే వస్తువు కాంవర్. శ్రావణంలో హరిద్వార్ నుంచి గంగనీళ్లు మోసుకెళ్లే కాంవరియాలు లక్షల్లో ఉంటారు. మరాఠీలో కావడ్. పైఠణ్‌కు చెందిన సంత్ ఏకనాథుడు రామేశ్వరం కోసం కావడిలో మోసుకెళ్తున్న గంగను దారిలో దప్పికతో పడిపోయిన గాడిదకు పోశాడన్న కథ మరాఠీ ఇళ్లలో నేటికీ చెప్పుకుంటారు. కాంవర్, కావడ్ మాటలు దక్షిణం నుంచి పైకి వెళ్లాయా, ప్రాకృతాల నుంచే వచ్చాయా అన్నదాని మీద పండితుల్లో వాదముంది. వాదం వ్యుత్పత్తి గురించే. వస్తువు గురించి ఎవరికీ సందేహం లేదు. అదే వస్తువుకు పూర్తిగా వేరే పేర్లూ ఉన్నాయి: సంస్కృతంలో వివధం, పాలీలో కాజం, సింహళంలో కద, హిందీలోనే ఇంకో పేరు బహంగీ. ఈ బహంగీని కంపెనీ కాలపు ఇంగ్లీషువాళ్లు ‘బాంగీ’ చేసుకున్నారు. టపాలో పార్సిళ్లు కావళ్ల మీద వెళ్లేవి కాబట్టి పార్సిల్ టపాకే బాంగీ డాక్ అని పేరొచ్చింది. పాత తెలుగులో బంగీ అంటే పార్సిలు కావడం ఆ వరసలోదే.

ఇంతవరకూ మాట మారినా వస్తువు మారలేదు. ఇప్పుడు వస్తువు మారి, మాట మాత్రం అదే అన్నట్టు వినబడేచోటికి వెళ్లాలి.

మరాఠీలో ‘కవడీ’ అంటే గవ్వ. కన్నడంలో కవడె. కేరళలో జ్యోతిష్కులు గవ్వలు పరిచి ప్రశ్న చూస్తారు, ఆ గవ్వలూ కవడీలే. హిందీలో కౌడీ. హైదరాబాద్ వీధుల్లో ‘దో కౌడీ కా’ అన్న తిట్టులోదీ అదే. దాన్నుంచే ఇంగ్లీషు ‘కౌరీ’. తెలుగు ‘గవ్వ’ అంటుంది, చేతిలో డబ్బు లేకపోతే చిల్లిగవ్వ లేదంటుంది. మాల్దీవుల నుంచి వచ్చిన ఈ గవ్వలు తూర్పు భారతంలో చాలాకాలం నాణేలుగా చెల్లాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర సిల్హెట్ జిల్లా శిస్తంతా గవ్వల్లోనే వసూలయ్యేది, వాటిని పడవలకెత్తి ఢాకాకు పంపేవారు. ఈ కవడీకీ మన కావడికీ సంబంధమే లేదు. దీని మూలం సంస్కృత కపర్దం. గవ్వలా చుట్టుకున్న జటలున్నవాడు కాబట్టి శివుడు కపర్ది అయ్యాడు. ప్రాకృతంలో రెండచ్చుల మధ్య ప వకారమవుతుంది, ర్ద డ్డ అవుతుంది. కపర్దం కవడ్డం అయింది. అక్కడి నుంచి కవడీ, కౌడీ.

తలుపుదీ సరిగ్గా ఇదే దారి. సంస్కృతంలో కపాటం, కవాటం రెండూ ఉన్నాయి. ప్రాకృతంలో కవాడం. హిందీ కివాడ్ దాని బిడ్డే. ఈ మాటను తెలుగు సంస్కృతం నుంచే తీసుకుంది; ఇవాళ మనకు అది గుడి తలుపుల దగ్గరకన్నా పాఠ్యపుస్తకంలో ఎక్కువ తగులుతుంది. గుండెలోని అగ్రద్వయ, అగ్రత్రయ కవాటాలు చదవకుండా తెలుగు మాధ్యమంలో పది దాటినవాళ్లు లేరు. అశోక్ నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వల్లెవేసే కవాటం, రాజస్థాన్ బస్సీ గ్రామంలో వడ్రంగులు చేసే ‘కావడ్’ ఒకే వంశానికి చెందినవని అంటే ఆశ్చర్యమనిపిస్తుంది. బస్సీ చిత్తోడ్‌గఢ్ జిల్లాలో ఉంది. ఆ కావడ్ ఒక చెక్క గుడి. చిన్న పెట్టెలా కనిపిస్తుంది. తలుపు తెరిస్తే ఇంకో తలుపు, దాని వెనక ఇంకొకటి, ప్రతి రెక్క మీదా ఎర్రరంగు నేల మీద బొమ్మలు. కథకుడు నెమలి ఈకతో ఒక్కో బొమ్మనూ తాకుతూ, యజమాని వంశాన్నీ దేవుళ్ల కథల్నీ చెప్పుకుంటూ తలుపులు తెరుచుకుపోతాడు. అన్నీ తెరిచాక లోపల దేవుడు కనబడతాడు. పేరు కివాడ్ నుంచే వచ్చిందని సాధారణంగా చెబుతారు. చెవికి మాత్రం మరాఠీ మోతకర్ర కావడ్‌కూ, రాజస్థానీ కథల పెట్టె కావడ్‌కూ రవంత తేడా వినబడదు.

కపర్దం, కపాటం పుట్టుకలో ఏ పోలికా లేని మాటలు. ప్రాకృతం గుండా ప్రయాణించి కవడ్డం, కవాడం అయ్యేసరికి కవల పిల్లల్లా తయారయ్యాయి. ద్రావిడ కావడి ఏ ప్రయాణమూ చెయ్యకుండానే వాటి పక్కన నిలబడింది.

కన్నడ, తమిళ అడవుల్లో ఇంకో కావడి ఉన్నాడు, ఏనుగు దగ్గర మావటికి తోడుండే మనిషి. మైసూరు దసరా వార్తల్లో ‘మావుతరు, కావాడిగరు’ అని జంటగా రాస్తారు. 2023లో ఆస్కార్ గెలిచిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ చిత్రంలో కనిపించిన బెల్లిని అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం తెప్పకాడు ఏనుగుల శిబిరంలో తొలి మహిళా కావడిగా నియమించింది. చిత్తూరు పొలాల మీద పడే ఏనుగుల్ని మళ్లించడానికి 2025 మే నెలలో కర్ణాటక ఆంధ్రప్రదేశ్‌కు శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల్ని ఇచ్చింది. ఏనుగులు రావడంతో పని తీరదు, వాటి భాష తెలిసిన మావటీలూ కావడీలూ కావాలి. పలమనేరు ప్రాంతం పుణ్యమా అని ఈ మాట ఇప్పుడిప్పుడే తెలుగు పత్రికల్లోకి అడుగుపెడుతోంది. నిఘంటువు రాసేవాళ్లు దాన్ని పాత కావడి కింద కలిపెయ్యకుండా వేరే పదంగా నమోదు చెయ్యాలి.

సముద్రాలు దాటితే ఉచ్చులు ఇంకా పెద్దవి. హీబ్రూలో ‘కావేద్’ అంటే బరువైనది. కావడి బరువు మోసేది! ఇంత అందంగా కలిసినప్పుడు, యూదులకూ తెలుగువారికీ మధ్య ఏదో పురాతన బంధముందని వ్యాసం రాయాలన్న ఉత్సాహం ఎవరికైనా వస్తుంది. కానీ హీబ్రూ మాట క-బ-ద అన్న మూడు హల్లుల సెమిటిక్ ధాతువు. గౌరవమన్న అర్థమున్న ‘కావోద్’ దానిదే, అరబ్బీలో కాలేయానికి వాడే ‘కబిద్’ కూడా దానిదే. మన మాటకు వేరు ‘కా’. తర్వాతి డకారం ఆ వేరులోది కాదు. రెండు ఎముకల గూళ్లూ వేరైనప్పుడు పై పోలికతో పనిలేదు. ఆస్ట్రేలియాలోని మ్బాబరమ్ భాషలో కుక్కను ‘డాగ్’ అంటారని ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ నమోదు చేశాడు. అది ఇంగ్లీషు నుంచి వచ్చింది కాదు, ఆ భాష తన పొరుగు భాషల మాటనే తన ధ్వనిసూత్రాల ప్రకారం అలా మార్చుకుంది. హైదరాబాదీలు రోజూ అనే ‘బద్‌నామ్’లోని పారసీ బద్‌కూ, ఇంగ్లీషు ‘బ్యాడ్’కూ అర్థం ఒకటే, పలుకూ దాదాపు ఒకటే. పారసీ, ఇంగ్లీషు ఒకే మహాకుటుంబం భాషలు కూడా. అయినా ఆ రెండు మాటలు చుట్టాలు కావు.

ఇంత చెప్పుకున్నాక మళ్లీ కవాడిగూడ. కావడిగూడలో దీర్ఘం ఎందుకు జరిగింది? ఒక దారి, పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లి తిరిగి రావడం. ఇంగ్లీషు రాతలో ఏది దీర్ఘమో ఏది హ్రస్వమో తెలియదు. ఆ రాత చూసి మళ్లీ తెలుగు బోర్డు రాసినవాడు తనకు తోచినచోట దీర్ఘం పెట్టాడు. పేట ‘పేట్’ అయింది ఈ దారిలోనే. మారిషస్‌లో ఇలాంటిదే జరిగింది.  ఆ దీవిలో తైపూసం కావడి ప్రభుత్వ సెలవుదినం. ఫ్రెంచి చెవి విన్న ఆ మాట అక్కడి రాతలో మొదటి దీర్ఘం పోగొట్టుకుని ‘కవదీ’గా చివరి అక్షరం సాగదీసుకుంది.

రెండో దారి కబాడీ, అంటే పాతసామాను వ్యాపారి. ఈ ఊహకు పొరుగే బలం: ఆనుకునే ఉన్న భోలక్‌పూర్ తోళ్లకూ తుక్కు గోదాములకూ పేరుపొందింది. కవాడిలో దీర్ఘమున్న చోటే కబాడీలోనూ ఉంది. చిక్కల్లా బకారం. ఉర్దూ నుంచి తెలుగులోకొచ్చిన మాటలు బకారాన్ని ఊరికే వదులుకోవు: ఖబర్ కబురైంది, జవాబ్ జవాబుగానే ఉంది, కబాడీని ఇవాళ కూడా అలాగే అంటున్నాం. ఒక్క పేట పేరులో మాత్రం అది వకారమైందనడానికి వేరే ఆధారం కావాలి. ఈ వక్త మొగ్గు కావడి వైపే.

మొగ్గు రుజువు కాదు కాబట్టి రుజువు ఎక్కడ దొరుకుతుందో చెప్పడం అవసరం. ఉర్దూ లిపిలో హ్రస్వాలు సాధారణంగా రాయరు, దీర్ఘ ఆకారాన్ని అలిఫ్‌తో తప్పక రాస్తారు. బే అక్షరమూ వావ్ అక్షరమూ ఒకదానికొకటి పోలవు. కాబట్టి నిజాం కాలపు ఉర్దూ కాగితం ఒక్కటి ఈ తగవు తీర్చగలదు. కాఫ్ తర్వాత వెంటనే అలిఫ్ ఉంటే కావడి. కాఫ్, వావ్ తర్వాత అలిఫ్ ఉంటే కవాడి. వావ్ చోట బే ఉంటే కబాడీ. అలాంటి కాగితాలు వెతకాల్సిన చోటు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. పురపాలక దస్త్రాలు, జాగీర్ల లెక్కలు, దండు సరఫరా ఒప్పందాలు వరసపెట్టి చూడాలి. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద చేసినంత ఓపికైన పని హైదరాబాద్ పేటల మీద జరగాలి. దానికి ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడూ చదవగల యువకులు ఇద్దరు ముగ్గురు చాలు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుని చదువుకునేవాళ్లలో అలాంటివాళ్లు తప్పక ఉంటారు. దస్త్రాలతో పాటు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ వృత్తిపదాలతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం పద్ధతిలో, బద్ద చెక్కడానికీ గాటుకూ ఉట్టి తాడుకూ భుజం మార్చుకోవడానికీ ఏ పేటలో, ఏ ఊళ్లో ఏమంటారో మోసినవాళ్ల నోటి నుంచే రాసుకోవాలి. ఆ పనిలో మొదట దస్త్రాల దగ్గరికి కాక మనుషుల దగ్గరికి వెళ్లాలి. కావడి మోసిన భుజం గల పెద్దవాళ్లు ఈ నగరంలో ఇప్పటికే తగ్గిపోతున్నారు.